కీర్తిశేషులు సుకుమార్ సేన్ గారు – ఓటరు గుర్తింపు కథ



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితాన్ని గురించి రాయమని మన సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నాకు ముందుగా తట్టిన పేరు కీ.శే. సుకుమార్ సేన్ గారిది. మన పిల్లల్లో చాలామందికి ఈ పేరు తెలియదు. మనలో కూడా కొందరు మరచిపోయి ఉండవచ్చు. కాని ఎలక్షన్ డ్యూటీ చేసిన ప్రతి గుమాస్తా, ప్రతి ఉపాధ్యాయుడు ఆయన వేసిన బాటలోనే నడిచారు. ఓటర్ల జాబితా, వేలిమీద సిరా, గుర్తుల పద్ధతి – స్వతంత్ర భారతంలో ఇవన్నీ మొదటిసారి దేశమంతటా ఆయన చేతిమీదుగానే అమలైనాయి.

పింఛనుదారులమైన మనకు ఈ విషయం మరీ దగ్గరిది. ఏడాదికోసారి మనం బతికే ఉన్నామని రుజువు చూపించుకోవలసి వస్తుంది. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, అరిగిపోయిన వేలిముద్ర మిషనులో పడక, మళ్ళీ రమ్మనిపించుకుని తిరిగివచ్చిన వాళ్ళు మనలో ఉన్నారు. నేనూ ఒకసారి అలా తిరిగివచ్చాను. నేను నేనేనని ఎదుటివాడిని నమ్మించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సేన్ గారికి ఈ చిక్కు ఒక మనిషి విషయంలో కాదు, పదిహేడు కోట్ల మంది విషయంలో ఎదురైంది.

చదువు – ఉద్యోగం

సుకుమార్ సేన్ గారు పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలోను, తరువాత లండన్ విశ్వవిద్యాలయంలోను చదివారు. లండన్‌లో గణితశాస్త్రంలో బంగారు పతకం పొందారు. 1921లో ఐ.సి.ఎస్.లో చేరి, బెంగాలు జిల్లాలలో పనిచేశారు. జడ్జిగా కూడా ఉన్నారు. మెట్టు మెట్టుగా ఎదిగి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి చీఫ్ సెక్రటరీ అయ్యారు. ఆయన తమ్ముడు అశోక్ కుమార్ సేన్ గారు పేరున్న న్యాయవాది. తరువాత కేంద్రంలో న్యాయశాఖ మంత్రి అయ్యారు. ఈ సంగతి గుర్తుంచుకోవలసిందిగా మనవి. కథ చివరలో మళ్ళీ వస్తుంది.

1950 జనవరి 25న ఎన్నికల కమిషన్ ఏర్పడింది. మార్చిలో సేన్ గారిని తొలి ప్రధాన ఎన్నికల కమిషనరుగా నియమించారు. 1951 వసంతంలోగా ఎన్నికలు జరిపించాలని ప్రధాని నెహ్రూ గారి కోరిక. సేన్ గారు తొందరపడలేదు. పని ఎంతుందో లెక్క వేసుకున్నారు. లెక్కల మనిషి కదా!

ఆ లెక్క ఏమిటో చూడండి. 21 ఏళ్ళు నిండిన వారు సుమారు 17 కోట్ల 60 లక్షల మంది. అందులో నూటికి 85 మందికి చదవడం, రాయడం రాదు. లోక్‌సభకు 489 స్థానాలు, వాటితోపాటే రాష్ట్రాల శాసనసభలు. తెల్లవారి కాలంలో ఎన్నికలు జరగకపోలేదు. కాని అప్పుడు ఓటు ఆస్తి ఉన్నవారికి, పన్ను కట్టేవారికి, చదువుకున్నవారికి మాత్రమే. పన్ను రసీదు ఉన్నవాడిని గుర్తుపట్టడం సులువు. ఏ కాగితమూ లేని కూలివాడిని, పేరు కూడా ఎవరూ అడగని ఆడమనిషిని గుర్తుపట్టడం ఎలా? అదీ సేన్ గారి ముందున్న ప్రశ్న.

జాబితాయే మొదటి రుజువు

ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు రాసే పని సేన్ గారు రాకముందే మొదలైంది. దానిని పూర్తిచేసి, సరిదిద్ది, నియోజకవర్గాల వారీగా అచ్చువేయించే భారం ఆయన మీద పడింది. ఆ జాబితాలు టైపు చేసి, వరుసలో పెట్టేందుకు ఆరునెలల ఒప్పందం మీద 16,500 మంది గుమాస్తాలను నియమించారు. అచ్చుకు దాదాపు 3,80,000 రీముల కాగితం పట్టింది. గుమాస్తాగా బతికినవాడిని కనుక ఈ అంకెల దగ్గర నేను కాసేపు ఆగిపోతాను. ఆ పదహారువేల మందిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. వారి చేతిలో ఒక అక్షరం తప్పు పడితే ఎక్కడో ఒక మనిషికి ఓటు పోయేది. జాబితాలో పేరు ఉంటేనే ఓటరు. మిగిలిన రుజువులన్నీ ఆ తరువాతివి.

పేరు చెప్పని ఓటర్లు

జాబితా రాసేటప్పుడు ఒక విచిత్రమైన ఇబ్బంది వచ్చింది. ఉత్తరాదిన బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్ వంటి చోట్ల లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. ఫలానా వారి తల్లి, ఫలానా వారి భార్య అని మాత్రమే రాయించారు. పరాయి మగవాడికి పేరు చెప్పడం మర్యాద కాదని వారి భావన. రాసేవాళ్ళు కూడా అలాగే రాసుకుని వచ్చేశారు.

సేన్ గారు ఇది చూసి ఒప్పుకోలేదు. సొంత పేరు లేని ఓటరును పోలింగు నాడు ఎవరని గుర్తుపట్టేది? ఫలానా వారి భార్యనని ఎవరు వచ్చి చెప్పినా కాదనే వీలుండదు. అంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. ఓటు హక్కు ఆ మనిషిది. భర్తది కాదు, కొడుకుది కాదు. కనుక మళ్ళీ ఇళ్ళకు వెళ్ళి పేర్లు అడిగి రాయాలని ఉత్తరువులు ఇచ్చారు. బీహారులో ఇందుకోసం ఒక నెల గడువు పెంచారు. అక్కడ చాలా పేర్లు చేరాయి. అయినా దేశం మొత్తం మీద సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో 28 లక్షల మంది పేర్లు తేలలేదు. వాళ్ళను జాబితాలోనుంచి తీసివేయక తప్పలేదు.

ఈ నిర్ణయం మంచిదా చెడ్డదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నిజమైన ఓటర్లు 28 లక్షల మంది ఆ ఏడు ఓటు లేకుండా మిగిలిపోయారు. అది చిన్న నష్టం కాదు. వారిలో తరువాతి ఎన్నికల దాకా బతకని ముసలివారు ఎందరో ఉండి ఉంటారు. కాని సేన్ గారు అలా కొట్టివేసి ఊరుకోలేదు. పేర్లు ఇవ్వకపోతే ఓటు ఉండదన్న మాట జనంలోకి పోయింది. తరువాతి ఎన్నికలకు ఆ దురభిప్రాయం తొలగుతుందని ఆయన నమ్మారు. 1957 ఎన్నికల నాటికి వయసు వచ్చిన స్త్రీలలో నూటికి 94 మంది పేర్లు జాబితాలోకి ఎక్కాయి. నియమం పెట్టినవాడు దాని వల్ల నష్టపోయినవారి దగ్గరకు మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళారు కాబట్టే ఆయన నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేకపోతున్నాను.

పెట్టెలు – సిరా

1951 అక్టోబరు 25న హిమాచల్ కొండలలోని చీనీ తాలూకాలో తొలి ఓట్లు పడ్డాయి. మంచు కురిసి దారులు మూసుకుపోకముందే అక్కడ పోలింగు ముగించవలసి వచ్చింది. దేశమంతటా ఎన్నికలు పూర్తయ్యేసరికి 1952 ఫిబ్రవరి వచ్చింది. అప్పటికి మన తెలుగు జిల్లాలు కొన్ని మద్రాసు రాష్ట్రంలో, కొన్ని హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. మన తల్లిదండ్రులు ఓటు వేసింది ఆ ఎన్నికలలోనే.

2,24,000 పోలింగు బూతులు, 20 లక్షల ఉక్కు పెట్టెలు, వాటికి 8,200 టన్నుల ఉక్కు, 56,000 మంది ప్రిసైడింగ్ ఆఫీసర్లు, వారికి సాయంగా 2,80,000 మంది సిబ్బంది. చదువురాని ఓటరు కోసం ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు చీటీ మీద ఏమీ రాయనక్కరలేదు, ముద్ర వేయనక్కరలేదు. తనకు ఇష్టమైన గుర్తున్న పెట్టెలో చీటీ వేస్తే చాలు. పద్ధతి తెలియడానికి రేడియోలో చెప్పించారు, మూడువేలకు పైగా సినిమాహాళ్ళలో చిన్న చిత్రం ఆడించారు.

మరి వచ్చినవాడు అసలు ఓటరేనా? అప్పట్లో ఏ కార్డూ లేదు. ఓటరు వచ్చి పేరు చెబుతాడు. పోలింగు ఆఫీసరు జాబితాలో చూసి పైకి చదువుతాడు. అక్కడ కూర్చున్న అభ్యర్థుల ఏజెంట్లు, ఊరివాళ్ళు వింటారు. ఈయన ఆయన కాదని ఎవరైనా అంటే రుసుము కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. దానిని అక్కడికక్కడే విచారిస్తారు. అంటే ఓటరు ఎవరో ఊరే సాక్ష్యం చెప్పేది. పల్లెల్లో ఇది బాగానే పనిచేసింది. పక్కింటివాడెవరో తెలియని పట్నంలో మాత్రం అంత సులువు కాలేదు.

ఒకే మనిషి రెండుసార్లు రాకుండా మన శాస్త్రజ్ఞులు తయారుచేసిన సిరా ఉపయోగించారు. వేలికి పెడితే వారం రోజులు పోదు. 3,89,816 బుడ్లు ఖర్చయ్యాయని లెక్క రాసి ఉంచారు. ఆ చివరి పదహారు బుడ్లు కూడా విడిచిపెట్టకుండా రాసిన గుమాస్తాకు నా నమస్కారం. సిరాలో ఉన్న మేలు ఏమిటంటే, దాని కోసం ఓటరు ఏమీ తెచ్చుకోనక్కరలేదు. వేలు చాపితే చాలు. బీదవాడికీ, జమీందారుకూ ఒకటే చుక్క.

లోపాలు లేకపోలేదు. చీటీ మీద గుర్తు వేయనక్కరలేదు కనుక, కొందరు దానిని పెట్టెలో వేయకుండా బయటకు తెచ్చి అమ్ముకునే వీలుండేది. అందుకే తరువాత పెట్టెల పద్ధతి పోయి, చీటీ మీద అభ్యర్థి గుర్తుకు ఎదురుగా ముద్ర వేసే పద్ధతి వచ్చింది. 1962 సాధారణ ఎన్నికల నాటికి అది స్థిరపడింది. మనం నేర్చుకున్నది ఆ పద్ధతే.

సూడాను – మలి ఎన్నికలు

మన ఎన్నికలు సవ్యంగా జరగడం చూసి, 1953లో ఆఫ్రికాలోని సూడాను దేశం తొలి ఎన్నికలు జరపడానికి ఏర్పడిన కమిషనుకు సేన్ గారినే అధ్యక్షుడిగా పెట్టారు. ఆ ఏడాది చివర అక్కడ ఎన్నికలు జరిపించి వచ్చారు. 1954లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

1957లో రెండవ సాధారణ ఎన్నికలు కూడా ఆయన ఆధ్వర్యంలోనే జరిగాయి. అప్పటికి ఓటర్లు 19 కోట్లు దాటారు. అయినా ఖర్చు మొదటిసారి కన్నా నాలుగున్నర కోట్ల రూపాయలు తగ్గింది. ఎందువల్లనంటే పాత పెట్టెలను పారవేయక భద్రంగా దాచి ఉంచారు. కొత్తవి కొన్ని మాత్రమే చేయించవలసి వచ్చింది. ఆఫీసులో గుండుసూది కూడా లెక్కపెట్టి ఇచ్చే పాతకాలపు హెడ్ గుమాస్తాలు గుర్తుకు వస్తున్నారు కదూ!

ఫొటో కార్డు పుట్టుక

సేన్ గారి పదవీకాలం చివరి రోజులలోనే ఫొటో గుర్తింపు కార్డు మాట పార్లమెంటుకు వచ్చింది. ఓటర్లకు ఫొటో కార్డులు ఇచ్చేందుకు వీలుగా చట్టాన్ని సవరించే బిల్లును 1958 నవంబరులో సభలో పెట్టినది న్యాయశాఖ మంత్రి అశోక్ కుమార్ సేన్ గారు, అంటే ఈయన తమ్ముడే. డిసెంబరు 19న అన్నగారు పదవీ విరమణ చేశారు. ఆ నెలాఖరుకు బిల్లు చట్టమైంది.

తొలి ప్రయోగం కూడా వారి బెంగాలులోనే జరిగింది. 1960 మే నెలలో కలకత్తా నైరుతి లోక్‌సభ స్థానానికి ఉపఎన్నిక వచ్చింది. అక్కడి ఓటర్లందరికీ ఫొటో కార్డులు ఇవ్వాలని నెలల తరబడి శ్రమపడ్డారు. సుమారు 3,42,000 మంది ఓటర్లలో 2,13,000 మంది ఫొటోలు మాత్రమే తీయగలిగారు. కార్డులు ఇచ్చింది 2,10,000 మందికి. కొందరు ఇంటి దగ్గర దొరకలేదు. చాలామంది స్త్రీలు ఫొటో తీయించుకోమన్నారు, తీసేది ఆడమనిషి అయినా ఒప్పుకోలేదు. పదేళ్ళ కిందట పేరు దగ్గర వచ్చిన చిక్కే ఇప్పుడు ముఖం దగ్గర వచ్చింది. కార్డు లేకపోతే ఓటు లేదని నియమం పెట్టి ఉంటే, ఆ ఒక్క నియోజకవర్గంలోనే లక్షా ముప్పైవేల మంది బయట నిలబడేవారు. ఖర్చూ భారీగా కనిపించింది. ప్రయత్నం అంతటితో ఆగిపోయింది.

తరువాత 1979లో సిక్కింలో ఫొటో కార్డులు ఇచ్చారు. 1993లో శేషన్ గారు దేశమంతటికీ కార్డులు ఇవ్వాలని ఉత్తరువులు జారీచేయడం మనకు తెలిసినదే. మనలో కొందరం ఆ ఫొటోల క్యాంపుల్లో బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళమే. ఒకరి ఫొటో మరొకరి కార్డు మీద పడడం, ఆడవారికి మగవారని రాయడం, వయసు తప్పులు – ఇవన్నీ చూశాం. అయినా కార్డు నిలబడింది. దానికి తోడు కార్డు లేనివారు ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న పింఛను పత్రం వంటివి చూపినా ఓటు వేయనిచ్చే ఏర్పాటు వచ్చింది. కలకత్తా పాఠం వృథా పోలేదని నా అభిప్రాయం.

నా చేతిమీద జరిగిన పొరపాటు

ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెప్పాలంటే నా అనుభవం ఒకటి చెప్పాలి. 1983 అసెంబ్లీ ఎన్నికలలో ఒక పల్లెలో నేను పోలింగు ఆఫీసరును. జాబితా నా చేతిలో ఉంది. మధ్యాహ్నం వేళ ఒక ముసలమ్మ వచ్చింది. పేరు చెప్పింది. జాబితాలో అదే పేరుతో ముగ్గురున్నారు. భర్త పేరేమిటని అడిగాను. ఆవిడ తల దించుకుంది. మన పల్లెల్లో పెద్దతరం ఆడవారు భర్త పేరు పలకరని నాకు తెలియనిది కాదు. మా అమ్మ కూడా పలికేది కాదు. కాని వెనకాల వరుస పెరిగిపోతోంది. ఒక ఏజెంటు ఆవిడ ఎవరో తెలియదని అడ్డుచెప్పాడు. గుర్తుపట్టే గ్రామాధికారి సమయానికి భోజనానికి వెళ్ళారు. తెలిసినవాళ్ళను ఎవరినైనా వెంటబెట్టుకుని రమ్మని చెప్పి ఆవిడను పక్కకు పంపించాను.

ఆవిడ మళ్ళీ రాలేదు. పోలింగు ముగిసేదాకా గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. సాయంత్రం లెక్కలు సరిచూసి సంతకాలు పెట్టాం. కాగితాల ప్రకారం ఆ బూతులో ఏ తప్పూ జరగలేదు. దొంగ ఓటు పడితే రికార్డులో కనబడుతుంది. టెండర్డ్ ఓటు అని, చాలెంజి ఓటు అని వేరు వేరు ఫారాలు ఉన్నాయి. తిరిగి వెళ్ళిపోయిన నిజమైన ఓటరుకు మాత్రం ఏ ఫారమూ లేదు. ఆవిడను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, గ్రామాధికారి వచ్చేదాకా ఆగమని ఉంటే సరిపోయేది. నాకు తోచలేదు. నలభై ఏళ్ళు దాటినా ఆ పొరపాటు నా మనసులోనుంచి పోలేదు.

సేన్ గారి జీవితం చదివినప్పుడల్లా ఆ ముసలమ్మే కళ్ళముందు మెదులుతుంది. ఆయన 28 లక్షల మందిని కొట్టివేశారు, కాని వాళ్ళను లెక్కపెట్టి కొట్టివేశారు. ఎందరు పోయారో ఆయన నివేదికలో ఉంది. లెక్కలో ఉన్నవారిని మళ్ళీ వెతికి తేవచ్చు. నేను పంపించిన ఆవిడ ఏ లెక్కలోనూ లేదు.

చివరి రోజులు

పదవీ విరమణ తరువాత, 1960లో కొత్తగా ఏర్పడిన బర్ద్వాన్ విశ్వవిద్యాలయానికి సేన్ గారు తొలి వైస్ ఛాన్సలరు అయ్యారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే పరమపదించారు. ఇంత పని చేసిన మనిషి ఆత్మకథ రాయలేదు. సొంత కాగితాలు కూడా పెద్దగా వదిలి వెళ్ళలేదు. ఆయన పేరు మీద మిగిలినవి రెండు ఎన్నికల నివేదికలే అనవచ్చు. అందులో అంకెలు, ఏర్పాట్లు, లోపాలు ఉన్నాయి. తన్ను గురించి లేదు. మన గుమాస్తా జాతికి ఇది అర్థమవుతుంది. ఫైలు మిగులుతుంది, రాసినవాడు మిగలడు.

మనవి

దొంగ ఓటును ఆపడానికి గుర్తింపు కావలసిందే. దానిమీద నాకు అనుమానం లేదు. కాని గుర్తింపు అడిగేవాడికి ఒక బాధ్యత ఉంది. చూపలేనివాడిని పంపించివేయడం కన్నా, చూపగలిగేలా చేయడం ఆ బాధ్యత. సేన్ గారు పొడిగించిన ఆ ఒక్క నెల గడువులో నాకు కనిపించేది అదే.

కాబట్టి సభ్యులకు నా మనవి ఏమనగా: కార్డు బీరువాలో ఉంది కదా అని ఊరుకోవద్దు. కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. జాబితా సవరణలు జరిగినప్పుడల్లా మీ పేరు, ఇంట్లోని ఆడవారి పేర్లు, ఇల్లు మారిన పిల్లల పేర్లు సరిచూసుకోండి. మీ వీధిలో పనిమనుషులు, కూలివారు, ఒంటరి ముసలివారు ఉంటే వాళ్ళవీ చూసిపెట్టండి. ఫారాలు నింపడం మనకు కొట్టినపిండి. ఎన్నికల నాడు గుమ్మం దగ్గర ఎవరైనా తికమకపడుతుంటే, ఫలానావారని చెప్పే నోరు మనది కావాలి.

ఆ రోజు ఆ పల్లెలో అటువంటి పెద్దమనిషి ఒక్కరు నా బల్ల దగ్గర ఉండి ఉంటే ఆవిడ వేలికి సిరా చుక్క పడేది.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, సంఘ సభ్యుడు